స్లొవేనియాను నేను పరిచయం చేసిన విధం

ఇరవై ఏడేళ్ళు బడిలో భూగోళం చెప్పినదాన్ని. గోడకు వేలాడే ప్రపంచ పటం మీద కర్ర పెట్టి "ఇది ఏ దేశం?" అని అడిగి, చెప్పలేని ఆడపిల్లలను బెంచీ మీద నిలబెట్టినదాన్ని. ఆ పిల్లల్లో ఒక్కరి చేతిలోనూ ఇది పడకూడదని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది, మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. కోయంబత్తూరు అవతల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ నడుపుతాడు. వాళ్ళ నాన్న పత్తి పండించాడు, వీడు ఇనుము కరిగిస్తున్నాడు. తమిళనాట స్థిరపడ్డ మా తెలుగువాళ్ళలో సగం మంది కథ ఇదే.

"అక్కా, ఫారిన్ నుంచి కొత్త మిషన్ వొస్తా ఉండాది. దాన్ని బిగించేకి ఇద్దరు వొస్తారు. మూడు వారాలు ఈడనే ఉంటారు. మన స్టాఫుకు వాళ్ళ దేశం గురించి అరగంట మాట్లాడాల నువ్వు."

"ఏ దేశం రా?"

"స్లొవ..." అన్నాడు. అక్కడ వాడి వెనక ఏదో యంత్రం గీపెట్టింది. మిగిలిన అక్షరాలు దానిలో కలిసిపోయాయి.

ఇంకొకరైతే మళ్ళీ అడిగేవారు. నేను భూగోళం టీచర్ని. మిగిలింది నేనే పూరించుకున్నాను.

పది రోజులు కష్టపడ్డాను. పోదనూరులో రైలు కాలనీ వెనక వీధిలో మా ఇల్లు. నేనూ మా అమ్మా ఉంటాం. ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని, పెద్ద నది, నది ఒడ్డున కొండ మీద తిరగేసిన బల్లలా నాలుగు మూలలా నాలుగు బురుజులున్న కోట, మంచు కొండలు, గొర్రెపాల జున్నుతో చేసే వంటకం, కార్ల కర్మాగారాలు, అన్నీ బొమ్మలతో సహా సిద్ధం చేశాను. అమ్మకు ఎనభై దాటాయి. నా వెనక నిలబడి చూసి, "ఆ కోట బాగుండాది. కాళ్ళు పైకెత్తి పండుకున్న ఎనుము మాదిరి" అంది.

ఆ సోమవారం పొద్దున ఫ్యాక్టరీ హాల్లో నలభై మంది కూర్చున్నారు. ముందు వరుసలో ఆ ఇద్దరు అతిథులు. ఒకాయనకు అరవై ఉంటాయి, పొడుగు మనిషి, నెరిసిన మీసం, యంత్రాలు బిగించే మేస్త్రి. ఆయన పక్కన ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఇంజనీరు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఆమే ఆయనకు దుబాసీ కూడా.

నేను తమిళంలో మాట్లాడాను. మధ్యమధ్యలో అతిథుల కోసం ఇంగ్లీషులో రెండు ముక్కలు. చాలా బాగా మాట్లాడానని ఇప్పటికీ నా అభిప్రాయం. తెర మీద జెండా వేసి, అందులో డాలు మీద ఉన్న సిలువకు అర్థం చెప్పాను. ఆ ప్రజలు కష్టజీవులని, పాటలంటే ప్రాణమని, అతిథులను గౌరవిస్తారని చెప్పాను. ఏ దేశం గురించి చెప్పినా తప్పు కాని మాటలవి. పెద్దాయన కన్నార్పకుండా విన్నాడు. నది బొమ్మ వచ్చినప్పుడు తల ఊపాడు. కోట బొమ్మ వచ్చినప్పుడు పక్కనున్న అమ్మాయి చెవిలో ఏదో అన్నాడు. ఆమె పెదవి కొరుక్కుంది. మెచ్చుకోలు అనుకున్నాను. చివర్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ ఇద్దరే.

భోజనాల దగ్గర వాళ్ళ పక్కన నన్ను కూర్చోబెట్టారు. పెద్దాయన సాంబారును చెంచాతో వేరుగా తాగుతూ ఏదో చెప్పాడు. అమ్మాయి నాకు ఇంగ్లీషులో చెప్పింది:

"మీ ఉపన్యాసం చాలా బాగుందంటున్నారు. చాలా అందమైన దేశమట. తను కూడా ఒకసారి అక్కడికి వెళ్ళి చూసి వచ్చారట."

నా చేతిలో అప్పడం నోటి దగ్గర ఆగిపోయింది.

స్లొవాకియా, స్లొవేనియా. జెండాలు రెండూ తెలుపు, నీలం, ఎరుపు. రెంటి మీదా డాలు. ఒకదాని డాలులో సిలువ, ఇంకోదానిలో మూడు శిఖరాల కొండ. మా అతిథులు స్లొవేనియావాళ్ళు, కొండవాళ్ళు. నేను నలభై మందికి అరగంట సేపు పరిచయం చేసింది సిలువవాళ్ళను. ఆ అమ్మాయి నా మొహం చూసి, "బాధపడకండి. మాకు అలవాటే. మంత్రులు కూడా పొరబడుతుంటారు" అంది. ఆ మాటతో నా బాధ తగ్గాల్సింది. కానీ మంత్రులెవరూ ఇరవై ఏడేళ్ళు భూగోళం చెప్పలేదు కదా.

మా తమ్ముడికి చెప్పాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "రెండు అక్షరాలే గదక్కా తేడా. మన స్టాఫుకు రెండూ ఒకటే" అన్నాడు. నాకు శిక్ష మాత్రం వేశాడు. ఆ మూడు వారాలు వాళ్ళకు ఊరు చూపించే పని నాదే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అసలు దేశం గురించి చదివాను. ఇరవై లక్షల మంది జనం. మా కోయంబత్తూరు జిల్లాలో అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. సముద్రం ఉంది కానీ, పోదనూరులో బండెక్కి మేట్టుపాళయంలో దిగేసరికి, నలభై చిల్లర కిలోమీటర్లలో, వాళ్ళ తీరం అయిపోతుంది. ఆ మూడు శిఖరాల కొండను ప్రతి మనిషీ బతుకులో ఒక్కసారైనా ఎక్కాలని వాళ్ళకు ఒక పట్టు. ఎక్కకపోతే సొంతవాళ్ళే తక్కువగా చూస్తారట. వందల ఏళ్ళు వేరే భాషవాళ్ళ ఏలుబడిలో ఉన్నా, సొంత భాషను వదలలేదు. ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను, ఇక ఎవరూ అడగరని తెలిసి కూడా.

పుస్తకంలో లేనివి ఆ పెద్దాయన నేర్పాడు. మొదటిది, గాలి. మార్చి నెల ఎండలో ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోకి వచ్చి, ఫ్యాన్ ఆపమన్నాడు. ఆపాక మెడకు గుడ్డ చుట్టుకున్నాడు. రెండు వైపుల నుంచి గాలి కొడితే మెడ పట్టేస్తుందని వాళ్ళ దేశంలో ప్రతి ఒక్కరికీ తెలుసట. గుమస్తాలు చెమటలు కక్కుకుంటూ యూరప్ నాగరికతను గౌరవించారు. అమ్మకు చెబితే మాత్రం, "సరిగ్గానే చెప్పినాడు. గాలి పట్టేది ఎంత చెడ్డదో నీకేం తెలుసు?" అంది. అమ్మ దృష్టిలో మొట్టమొదటిసారి ఒక తెల్లవాడు చదువుకున్నవాడిలా మాట్లాడాడు.

నాలుగో రోజున యంత్రం పని ఆగింది.

యంత్రానికి కరెంటు తీగ లాగాల్సిన గోడలో పాత స్విచ్చుల పెట్టె ఒకటి ఉంది, ఎన్నేళ్ళుగానో వాడనిది. దాని తలుపు తెరిచిన ఎలక్ట్రీషియన్ అరుస్తూ బయటికి పరుగెత్తాడు. లోపల తేనెటీగలు తుట్టె కట్టాయి. ఒకటి కాదు, పుస్తకాల బీరువాలా వరుసగా ఆరేడు పలకలు. ఫ్యాక్టరీలో ఇలాంటి వాటికి ఒకటే పద్ధతి, కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి అంటించడం. గుడ్డ చుట్టేశారు కూడా.

పెద్దాయన అడ్డం వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, పెట్టెకూ మనుషులకూ నడుమ నిలుచున్నాడు, అంతే. అమ్మాయి చెప్పింది, వాళ్ళింట్లో ఆయన ముప్పై పెట్టెల తేనెటీగలు పెంచుతాడట. వాళ్ళ నాన్న పెంచాడు, తాత పెంచాడు. అవి అక్కడి నుంచి బతికి బయటపడే దాకా తీగ లాగనివ్వనని అంటున్నాడు.

మా తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, ఈగలకోసరం మిషన్ ఆపేదా? ఇంత దూరం నుంచి వొచ్చింది ఈగలను కాపాడేకా? నువ్వు చెప్పు ఆయనకు."

"నేను చెప్పిందేదీ సరిగ్గా ఉండదు. ఆ సంగతి సోమవారమే తేలింది గదా" అన్నాను.

ఉపాయం అమ్మ చెప్పింది. అమ్మ పుట్టింటి వైపు దూరపు తమ్ముడొకాయన ఆండిపట్టి దగ్గర కొబ్బరి తోటలో ఉన్నాడు. నాకు మామ వరస. తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే, మరునాడు మధ్యాహ్నానికి బస్సు దిగాడు. ఒక చేతిలో చెక్క పెట్టె, ఇంకో చేతిలో కొబ్బరి పీచు, అరటి నార, కత్తి ఉన్న సంచి. చొక్కా గుండీలు సగం లేవు. బడి ముఖం ఎంతవరకు చూశాడో నాకు తెలియదు, బహుశా దూరం నుంచే.

నేను దుబాసీగా సిద్ధమై, గొంతు సవరించుకుని వాళ్ళ నడుమ నిలబడ్డాను. ఒకవైపు స్లొవేనియా భాష, దాని నుంచి అమ్మాయి ఇంగ్లీషు, దాని నుంచి నా తెలుగు, అలా మామ చెవికి. ఒక్కో మాటకు మూడు మజిలీలు. మొదటి మజిలీ దాటకముందే మామ కొబ్బరి పీచు అంటించి పొగ ఊదాడు. పెద్దాయన కుడిచేయి చాచాడు. మామ ఆ చేతిలో కత్తి పెట్టాడు.

ఆ తర్వాత రెండు గంటలు వాళ్ళిద్దరికీ నాతో పని పడలేదు. ఒకాయన తుట్టె పలక కోస్తే, ఇంకొకాయన చెక్క చట్రంలో పెట్టి అరటి నారతో కట్టాడు. పెద్దాయన తన భాషలో ఏదో గొణిగితే, మామ "అవునవును, దాన్ని మెల్లిగా పట్టు" అన్నాడు తెలుగులో. రాణి ఈగను ముందు చూసింది మామ. నిశ్శబ్దంగా వేలు చూపించాడు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూసి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. సాయంత్రానికి మేతకు వెళ్ళిన ఈగలన్నీ తిరిగొచ్చి కొత్త పెట్టెలో దూరాయి. ఇద్దరికీ కలిపి పద్నాలుగు కాట్లు పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం పెద్దాయనవే. తమ దేశపు ఈగ ప్రపంచంలో అన్నిటికంటే శాంతమైనది, ఇలా కుట్టదు అని ఆయన అమ్మాయితో చెప్పించాడు. "మన ఈగకు ఆయన కొత్త గదా" అన్నాడు మామ.

పొగకు తాళలేక కొన్ని ఈగలు చనిపోయి కింద పడ్డాయి. పెద్దాయన వాటిని చూసి ఒక మాట అన్నాడు. అమ్మాయి వివరించింది. వాళ్ళ భాషలో జంతువులు చస్తే ఒక మాట, మనిషి చనిపోతే ఇంకో మాట. తేనెటీగకు మాత్రం మనిషికి వాడే మాటే వాడతారట. నేను ఆ సంగతి మామకు చెప్పాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన దుబాసీ పని. మామ "మంచోళ్ళు" అన్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఆండిపట్టి బస్సెక్కాడు.

ఆ ఆదివారం అతిథులిద్దరినీ కారమడై రంగనాథుడి గుడికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మా ఇంటికి భోజనానికి తెచ్చాను. తమ్ముడూ, మరదలూ వచ్చారు. గడప దగ్గర ఎవరూ చెప్పకుండానే అతిథులు చెప్పులు విప్పారు. అమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం పూర్తి కాకముందే పెద్దాయన సంచిలోంచి గుడ్డ చెప్పులు తీసి తొడుక్కుని నడింట్లోకి వచ్చాడు.

"ఏందే ఇది? ఇంట్లో చెప్పులా?"

"ఇంట్లో తొడుక్కునేవి వేరే అంటమ్మా. వాళ్ళ ఇండ్లలో చుట్టాలొస్తే ముందు చెప్పులిచ్చేది మర్యాద అంట."

అమ్మ ఆ చెప్పులను కాసేపు చూసి, "పావం, నేల చల్లగుంటుందేమో ఆడ" అని క్షమించింది.

అమ్మాయి ఒక ఏర్పాటుతో వచ్చింది. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతామని విని, ఫోన్లో ఏదో ఆప్ పెట్టుకుని మూడు రోజులు సాధన చేసిందట. అమ్మ ఎదుట చేతులు జోడించి, "నమస్కారమండీ. మీరు ఎలా ఉన్నారు? మిమ్మల్ని కలవడం నాకు చాలా సంతోషంగా ఉంది" అంది, ఒక్క పొల్లు పోకుండా.

అమ్మ నా వైపు తిరిగింది. "ఈ పిల్ల ఏందే, టీవీలో వార్తలు చెప్పేదాని మాదిరి మాట్లాడతాది?"

అన్నం తింటూ పెద్దాయన ఫోన్లో బొమ్మలు చూపించాడు. వాళ్ళ ఊళ్ళలో తేనెటీగల పెట్టెల ముందు పలక మీద రంగుల బొమ్మలు వేసేవారట. ఒక బొమ్మలో ఒక దయ్యం సానరాయి తిప్పుతూ ఒక ఆడమనిషి నాలుకను పదును పెడుతోంది. తమ్ముడు పడిపడి నవ్వాడు. పక్కన భార్య ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాడు. అమ్మ బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఆ దయ్యం మొగోడే గదా. వాని నాలుకను ఎవురు పదును పెట్టినారో అడుగు" అంది. అడిగాను. పెద్దాయన ఫోన్లో తర్వాతి బొమ్మకు జరిపాడు. అమ్మాయి మాత్రం అమ్మ చేయి పట్టుకుని ఊపింది.

ఆ తర్వాత మాట భాషల మీదికి మళ్ళింది. వాళ్ళ భాషలో ఒకరు, ఎక్కువమంది అనే రెండే కాక, సరిగ్గా ఇద్దరికి వేరే రూపం ఉందని అమ్మాయి గర్వంగా చెప్పింది. "మేమిద్దరం వెళ్ళాం" అనడానికి క్రియే వేరు. యూరప్‌లో ఇంకెవరూ దాన్ని ఇంత జాగ్రత్తగా దాచుకోలేదట. "మీ భాషలో అలాంటి విశేషం ఏముంది?" అని అడిగింది.

నేను టీచర్ని. ప్రశ్న నాదైతే జవాబు తెలుస్తుంది. ఎదుటివాళ్ళదైతే కొంచెం ఆలోచించాలి. చివరికి మేము, మనం అన్న రెండు మాటలు దొరికాయి. ఎదుటి మనిషిని వదిలేసి చెబితే మేము, కలుపుకుంటే మనం. తమిళంలోనూ ఆ తేడా ఉంది, ఆ సంగతి చెప్పకుండా దాటేశాను.

అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "మరి మీ అమ్మగారు ఇప్పుడు నాతో ఏది వాడారు?"

ఆ క్షణం దాకా నేను గమనించలేదు. అంతకు ముందే అమ్మ ఆమె విస్తరిలో పాయసం పోస్తూ, "చాలంటే ఎట్ల? ఈ రోజు మనం బాగా తినాల" అంది. మనం అనే అంది. నేను వారం రోజులుగా వాళ్ళను "వాళ్ళు" అంటూనే ఉన్నాను, అమ్మ ఒక్క గంటలో కలిపేసుకుంది. ఆ మాట చెబితే అమ్మాయి తల వంచుకుని పాయసం మొత్తం తినేసింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె సంచిలోంచి ఒక తెల్ల కాగితం తీసింది. "నా పేరు మీ అక్షరాల్లో రాసిస్తారా? మా అమ్మకు చూపించాలి."

కాగితం ముందు అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ సంతకం తమిళంలో పెడుతుంది. "నా కండ్లు కనబడవు" అని తమ్ముడికి ఇచ్చింది. తమ్ముడు ఎంత గబగబా ఇచ్చేశాడంటే కాగితం వేడిగా ఉందేమో అనిపించింది. "అక్క రాస్తాది. అక్క టీచరు గదా."

మా ఇంట్లో నాలుగైదు వందల ఏళ్ళుగా తెలుగే మాట్లాడుతున్నామని, అది మా ఘనత అని పది నిమిషాల కిందటే చెప్పి ఉన్నాను. తెలుగు అక్షరం ఒక్కటీ మాలో ఎవరికీ రాదని చెప్పలేదు. మా బడులు తమిళం, ఇంగ్లీషు. నోటికి వచ్చిన భాష చేతికి రాలేదు. రాకపోతే ఏం నష్టమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పెన్ను తీసుకున్నాను. గుండ్రంగా, నిదానంగా, ఆమె పేరు తమిళ అక్షరాల్లో రాసిచ్చాను.

"ఇదేనా తెలుగు? ఎంత అందంగా ఉంది!"

"అవును" అన్నాను.

తమ్ముడు మజ్జిగ తాగుతూ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూడలేదు. వారం వ్యవధిలో ఒకే మనుషుల ముందు రెండు తప్పులు, ఒకసారి తెలియక, ఒకసారి తెలిసి. మొదటిదానికి సిగ్గుపడ్డాను, రెండోదానికి సిగ్గుపడే తీరిక కూడా లేదు, ఆమె కాగితం మడిచి కళ్ళకద్దుకున్నట్టుగా పుస్తకంలో పెట్టుకుంటోంది.

యంత్రం బిగింది, తిరిగింది. వాళ్ళు దండలు వేయించుకుని వెళ్ళిపోయారు. పెద్దాయన పోతూ ఆఫీసు గదిలో ఫ్యాన్ వేసి మరీ వెళ్ళాడని గుమస్తాలు చెప్పారు.

రెండు నెలల తర్వాత అమ్మాయి నుంచి ఒక ఫొటో వచ్చింది. వాళ్ళమ్మ తెల్లటి బల్లగుడ్డ మీద ఎర్ర దారంతో ఆ పేరు కుట్టింది. నేను రాసిన తమిళ అక్షరాలు, చుట్టూ పూలతీగ. ఒక్కో కుట్టూ ఎంత శ్రద్ధగా ఉందంటే, నా దస్తూరిలో నేను వంకరగా వేసిన కొమ్మును కూడా ఆవిడ అంతే వంకరగా కుట్టింది. కింద అమ్మాయి రాసింది: "ఈ ఫొటో నెట్లో పెట్టాను. ఎవరో ఇది తెలుగు కాదు, తమిళం అంటున్నారు. వాళ్ళు పొరబడ్డారు కదా?"

పొరబడ్డారని రాయవచ్చు. ఆ వాక్యం టైపు చేశాను కూడా. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏమిటని అడిగింది. చెప్పాను.

"ఆ యమ్మ కండ్లు పోగొట్టుకోని కుట్టిందే" అంది అమ్మ. చిక్కుడుకాయలు ఒలవడం ఆపింది.

టైపు చేసింది చెరిపేసి, జరిగింది జరిగినట్టు రాశాను. మాలో ఎవరికీ తెలుగు రాయడం రాదని, ఒప్పుకోవడానికి నామోషీ పడ్డానని, క్షమించమని. మరునాడు జవాబు వచ్చింది. వాళ్ళ ముత్తవ్వ ఇంట్లో తమ భాషే మాట్లాడేదట, కానీ ఉత్తరాలు మాత్రం జర్మన్‌లో రాసేదట, బడిలో నేర్పింది అదే కాబట్టి. "మా అమ్మ ఆ కుట్లు విప్పనంటోంది. కింద ఇంకో వరుసకు చోటు వదిలానంటోంది. మీరు ఎప్పుడు నేర్చుకుంటే అప్పుడు పంపండి."

ఇలా, అరవై దగ్గర పడుతున్న వయసులో, నేను ఒకటో తరగతి వాచకం తెప్పించుకున్నాను. ఫోన్లో చూస్తూ అక్షరాలు దిద్దాను. బెంచీ మీద నిలబెట్టేవాళ్ళు లేరు కాబట్టి నిదానంగా సాగింది. తలకట్టు పెట్టడం మరిచిపోయేదాన్ని. ఒత్తులు ఎక్కడ వేలాడాలో తెలియక ఊరికే వేలాడేవి. ఆమె పేరులో మూడే అక్షరాలు. నమ్మకంగా రాయడానికి ఆరు వారాలు పట్టింది. పంపాను. ఎర్ర వరుస కింద నీలం దారంతో కుట్టిన ఫొటో వచ్చింది. ఈసారి ఎవరూ తప్పు పట్టలేదట.

చదవడం వచ్చాక ఆపబుద్ధి కాలేదు. ఇప్పుడు ఇలా పుస్తకాల తెలుగులో రాయగలుగుతున్నాను. ఇది నా ఇంటి తెలుగు కాదు, కొని తెచ్చుకున్నది, అయినా పనిచేస్తోంది. తమ్ముడు మాత్రం ఇప్పటికీ వచ్చిన ప్రతి కొత్త అతిథికీ నన్ను చూపించి, "మా అక్కకు స్లొవేనియా గురించి అంతా తెలుసు" అని పరిచయం చేస్తాడు. నేను కాదనను.

ఆ నేర్చుకునే రోజుల్లో, రోజూ సాయంత్రం వాచకాలు గట్టిగా చదివేదాన్ని, అమ్మ వినేది. మొదట్లో మురిపెంగా విన్నది. వారం తిరక్కుండానే దిద్దడం మొదలుపెట్టింది. "రాముడు అక్కడ ఉన్నాడు" అని చదివాను ఒకరోజు.

"ఉన్నాడా?" అంది అమ్మ. "ఉండాడు అని గదా అనాల?"

"పుస్తకంలో ఉన్నాడనే ఉండాదమ్మా."

"అచ్చు తప్పు పడింటాది" అంది. "అక్కడ ఏంది, అక్కడ? ఆడ అను. వాళ్ళకు తెలుగు సరిగ్గా రాదేమో పావం. మనమే చెప్పియ్యాల."

పెన్సిల్ ఇమ్మని చేయి చాచింది. ఇచ్చాను. ఏ అక్షరం ఏదో తెలియకపోయినా, నేను వేలు పెట్టి చూపించిన చోట అమ్మ గట్టిగా అడ్డగీత కొట్టింది. తర్వాతి వాక్యం చదవమంది.